షార్ప్ నవలామాల: పాఠకుల తీర్పు, చారిత్రక సత్యం, అస్సయే సిపాయిలు

సాహిత్య చరిత్రలలో రచయితకు దక్కిన స్థానం పాఠకునికి దక్కలేదు. దీర్ఘకాలం సాగే నవలామాలల విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒంటి నవల అచ్చయిన తరువాత పాఠకుడు ఏమనుకున్నా ఆ నవల మారదు. నవలామాలలో అలా కాదు. తరువాతి నవల ఇంకా రాయవలసే ఉంటుంది గనుక పాఠకుని మెప్పు, అలక, ఆక్షేపణ అన్నీ రచయిత బల్లమీదికి చేరుతాయి. పాఠకాభిప్రాయం అక్కడ రచనకు వెలుపలి విషయం కాదు, రచనాక్రమంలో ఒక అంగం. ఈ అంశాన్ని ఆంగ్ల రచయిత బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన షార్ప్ నవలామాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఆ నవలామాలను ఎంచుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. అందులోని కథలో కొంత భాగం దక్కను నేలమీద, నిజాం సరిహద్దుల్లో, తెలుగు సిపాయిలు కూడా కొలువు చేసిన మద్రాసు పటాలాల పక్కన నడుస్తుంది.

నవలామాల 1981లో ‘షార్ప్స్ ఈగిల్’తో మొదలైంది. 2006లో వచ్చిన ‘షార్ప్స్ ఫ్యూరీ’ నాటికి 21 నవలలు వెలువడ్డాయి. పదిహేనేళ్ల విరామం తరువాత 2021లో ‘షార్ప్స్ అసాసిన్’, 2023లో ‘షార్ప్స్ కమాండ్’ వచ్చాయి. నెపోలియన్ యుద్ధకాలపు బ్రిటిష్ సైన్యం వీటికి రంగస్థలం. కథానాయకుడు రిచర్డ్ షార్ప్ లండన్ మురికివాడలో పుట్టిన అనాథ. అతడు సిపాయిగా చేరి, శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చెరసాలలో అక్షరాలు దిద్దుకొని, అస్సయే యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ ప్రాణం కాపాడి అధికారి అవుతాడు. అధికార పదవులు డబ్బున్న కులీనులు కొనుక్కునే కాలంలో కిందినుంచి పైకెక్కిన సిపాయికి పైవారి ఆదరణ ఉండదు, కిందివారి నమ్మకం వెంటనే దొరకదు. ఈ రెండంచుల ఒంటరితనమే నవలామాలకు ప్రాణం. వీరుడు శత్రువుతో కంటె తన పక్షపు అధికారులతోనే ఎక్కువ పోరాడుతాడు. పాఠకులు అతణ్ణి అక్కున చేర్చుకోవడానికి అదే కారణమని చెప్పవచ్చు.

కార్న్‌వెల్‌కు ఆదర్శం సి.ఎస్. ఫారెస్టర్. 1937లో మొదలైన ఆయన హార్న్‌బ్లోయర్ నవలలు నౌకాదళానికి చేసినదాన్ని తాను పదాతిదళానికి చేయాలన్నది కార్న్‌వెల్ సంకల్పం. ఫారెస్టర్ 1932లో రాసిన ‘డెత్ టు ద ఫ్రెంచ్’లో మాథ్యూ డాడ్ అనే రైఫిల్ సిపాయి తన దళం నుంచి తప్పిపోతాడు. 2004 నాటి ‘షార్ప్స్ ఎస్కేప్’లో సరిగ్గా అదే పేరు గల సిపాయి షార్ప్ దళం నుంచి తప్పిపోతాడు. ఎక్కడికి పోయాడో ఆ నవల చెప్పదు. ఫారెస్టర్‌ను చదివినవారు తెలుసుకుంటారు, చదవనివారు దాటిపోతారు. తన పాఠకులలో పాత పుస్తకాలు తిరగేసేవారు ఉన్నారని నమ్మిన రచయిత మాత్రమే ఇటువంటి గురుదక్షిణ చెల్లించగలడు.

ఏ క్రమంలో చదవాలి?

ఈ నవలల గురించి పాఠకుల్లో తరచు లేచే మొదటి వివాదం సాహిత్యపరమైనది కాదు, వరుసకు సంబంధించినది. రచనాక్రమం ఒకటి, కథాకాల క్రమం మరొకటి. 1981లో రాసిన తొలి నవల 1809 నాటి తలవేరా యుద్ధాన్ని చెబుతుంది. 1988లో రాసిన ‘షార్ప్స్ రైఫిల్స్’ అంతకు ముందరి కథ. 1997, 1998, 1999 సంవత్సరాల్లో వచ్చిన మూడు భారతదేశ నవలలు ఇంకా వెనక్కి, 1799, 1803 సంవత్సరాలకు వెళతాయి. ప్రచురణకర్తలు నవలల జాబితాను కథాకాల క్రమంలో అచ్చువేస్తూ వచ్చారు. కొత్త పాఠకుడు ఆ జాబితాను అనుసరించి శ్రీరంగపట్నంతో మొదలుపెడతాడు, పాత పాఠకుడు తలవేరాతో మొదలుపెట్టాడు. ఒకే నవలామాలను చదివినా వీరిద్దరూ చదివినది ఒకే కథ కాదు.

ఈ భేదం ఎంత దూరం పోతుందో హేక్స్‌విల్ పాత్ర చూపుతుంది. సార్జెంట్ ఒబదయా హేక్స్‌విల్ షార్ప్‌ను కొరడా దెబ్బలకు గురిచేసిన దుర్మార్గుడు. 1982లో ‘షార్ప్స్ కంపెనీ’లో ప్రవేశించి, 1984లో ‘షార్ప్స్ ఎనిమీ’లో షార్ప్ భార్య తెరెసాను చంపి, మరణశిక్షకు గురై కథ ముగించాడు. పాఠకులు ఇంతగా అసహ్యించుకున్న పాత్ర చేతికి దొరికితే ఏ రచయితా ఊరకే వదలడు. వెనుకటి కథ రాసేటప్పుడు కార్న్‌వెల్ అతణ్ణి మళ్లీ తెచ్చాడు. చిక్కు అక్కడే వచ్చింది. 1812 చివరి దాకా బతకవలసినవాడు 1799లోనో 1803లోనో చావడానికి వీల్లేదు. కాబట్టి ఒక నవలలో పులుల ముందు పడతాడు, పులులు వదిలేస్తాయి. రెండో నవలలో ఏనుగు కాలికింద పడతాడు, ఏనుగు వదిలేస్తుంది. మూడో నవలలో పాముల గోతిలో పడతాడు, అక్కడా గండం గడుస్తుంది. రచనాక్రమంలో చదివినవారికి ఇది ఉత్కంఠ లేని తతంగం. కథాకాల క్రమంలో చదివినవారికి మాత్రం ప్రతిసారీ ‘ఈసారి పోయాడు’ అన్న ఊరట, మరుసటి నవలలో దిగ్భ్రాంతి. ఇద్దరి అభిప్రాయాలూ తమ తమ చోట సబబే. భారతదేశపు మృగాలన్నీ ఒక ఆంగ్లేయ సార్జెంటు ఆయుష్షు కోసం కొలువు చేసినట్లు కనిపించడం మాత్రం నవలల బలహీనతే.

పాఠకుల చూపు రచయిత కలాన్ని మళ్లించిన సందర్భం ఇంకొకటి ఉంది. 1993లో బ్రిటిష్ టెలివిజన్‌లో మొదలైన షార్ప్ చిత్రాల్లో షాన్ బీన్ కథానాయకుడు. నవలల్లోని షార్ప్‌ది నల్లజుట్టు, లండన్ పుట్టుక. నటునిది లేతరంగు జుట్టు, యార్క్‌షైర్ యాస. ప్రేక్షకులు పాఠకులై, పాఠకులు ప్రేక్షకులై షార్ప్ అంటే ఆ నటుడే అన్నంతగా రెండు రూపాలూ కలిసిపోయాయి. కార్న్‌వెల్ 1995 నాటి ‘షార్ప్స్ బ్యాటిల్’ను ఆ నటునికే అంకితమిచ్చాడు. నల్లజుట్టు ప్రస్తావన మానుకున్నానని స్వయంగా చెప్పాడు. షార్ప్ యౌవనంలో కొంతకాలం యార్క్‌షైర్‌లో గడిపినట్లు కథలో చోటు కల్పించాడు. అభిమానుల సంఘమొకటి ఏర్పడి, నవలల మధ్య ఖాళీలను పూరించే చిన్న కథలను ప్రచురించింది. నవలామాల రచయిత సొత్తుగా మొదలై ఉమ్మడి ఆస్తిగా మారిన తీరు ఇది.

పుస్తకం చివరి ఒప్పుకోలు

వరుస వివాదం కంటె లోతైనది సత్యాసత్య వివాదం. ఈ నవలలను మెచ్చుకునేవారు ప్రధానంగా చెప్పే మాట, వీటివల్ల చరిత్ర తెలిసిందని. ఒక సాహస నవలకు ఇది విచిత్రమైన ప్రశంస. షార్ప్ లేడు, అతని సౌత్ ఎసెక్స్ రెజిమెంట్ లేదు, అతడు చేసిన ఘనకార్యాల్లో చాలా భాగం జరగలేదు. అయినా చరిత్ర తెలిసిందని పాఠకుడు ఎలా అనగలిగాడు?

ప్రతి నవల చివర కార్న్‌వెల్ చేర్చే చారిత్రక వివరణలో దీనికి సమాధానం ఉంది. కొన్ని పుటల ఆ అనుబంధంలో ఆయన ఏది నిజమో, ఏది కల్పనో, ఎవరి కీర్తిని తీసి తన నాయకునికి తొడిగాడో విప్పి చెబుతాడు. తెలుగు చారిత్రక నవలల్లో ఆధారాల ప్రస్తావన పీఠికలో చేయడం పరిపాటి. పీఠిక చదివి నవలలోకి దిగిన పాఠకుడు మొదటినుంచీ మెలకువతో ఉంటాడు. కార్న్‌వెల్ పద్ధతి తలకిందులు. ముందు మోసపోనిస్తాడు, తరువాత మోసాన్ని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న దొంగమీద కలిగే నమ్మకం వంటిది ఏదో పాఠకునికి రచయిత మీద కలుగుతుంది. ఇన్ని అబద్ధాలు తానుగా చెప్పినవాడు మిగిలినదంతా నిజమే చెప్పి ఉంటాడని అనుకుంటాడు. నవలామాల ప్రతిష్ఠకు ఆధారం ఈ అనుమానమే. తర్కశాస్త్రంలో ఇది నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

మొదటి నవలనే తీసుకోవచ్చు. 1809 జూలైలో తలవేరాలో షార్ప్ ఫ్రెంచి రెజిమెంటు డేగ పతాకను స్వాధీనం చేసుకుంటాడు. నిజానికి ఆ యుద్ధంలో ఏ డేగా పట్టుబడలేదు. యుద్ధభూమిలో బ్రిటిష్ సైన్యం చేజిక్కించుకున్న మొదటి డేగ 1811 మార్చి 5న బరోసాలో దొరికింది. దాన్ని పట్టబోయి ఎన్‌సైన్ కియో చనిపోగా, 87వ రెజిమెంటుకు చెందిన సార్జెంట్ పాట్రిక్ మాస్టర్‌సన్ దక్కించుకున్నాడు. వారు ఐరిష్ రెజిమెంటువారు. ఒక ఐరిష్ సార్జెంటు పొందవలసిన ప్రథమ గౌరవాన్ని నవలాకారుడు రెండేళ్లు ముందుకు జరిపి తన నాయకునికి కట్టబెట్టాడన్నమాట. పాతికేళ్ల తరువాత ‘షార్ప్స్ ఫ్యూరీ’లో కార్న్‌వెల్ అదే బరోసాను ఇతివృత్తంగా తీసుకున్నాడు. ఈసారి 87వ రెజిమెంటు తన డేగను తానే పట్టుకుంది. అయితే నవలామాల లోకంలో షార్ప్ డేగ అప్పటికే ఉంది గనుక మాస్టర్‌సన్‌ది ఎంత తిప్పినా రెండోదే. బాకీ తీర్చినా వడ్డీ మిగిలింది.

‘షార్ప్స్ టైగర్’లో ఇదే పద్ధతి మరింత నిర్దోషంగా కుదిరింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిన రోజున టిప్పును కాల్చిన సిపాయి ఎవరో చరిత్రకు తెలియదు. సుల్తాన్ ఒంటిమీది రత్నాన్ని అపహరించినవాడు నోరు విప్పకపోవడం సహజం. ఆ ఖాళీలో షార్ప్‌ను నిలపడం వల్ల ఎవరి కీర్తికీ భంగం రాలేదు. చారిత్రక నవలాకారునికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు. ఈ నవలలో టిప్పు కొలువులోని ఒక హిందూ సేనాని పేరు అప్పారావు. ఆంగ్ల పాఠకునికి అది దూరదేశపు ధ్వని. కృష్ణా గోదావరి జిల్లాల పాఠకుడు మాత్రం పక్కింటివాడు కనిపించినట్లు ఒక్క క్షణం ఆగుతాడు.

వాటర్లూకు వచ్చేసరికి ఒప్పందం బీటవారుతుంది. 1990 నాటి ‘షార్ప్స్ వాటర్లూ’లో ఆరెంజ్ యువరాజు అవివేకంతో సైనికులను బలిపెట్టగా షార్ప్ అతణ్ణి కాల్చి గాయపరుస్తాడు. యువరాజు ఎడమ భుజానికి తూటా తగలడం వాస్తవం, కాల్చినది షార్ప్ కావడం కల్పన. ఆంగ్ల పాఠకునికి ఇది సంతృప్తికరమైన న్యాయం. నెదర్లాండ్స్ పాఠకుని స్థితి వేరు. ఆ గాయం తగిలిందని భావించే చోట 1820ల్లో మట్టిగుట్ట పోసి సింహ విగ్రహం నిలిపారు. ఒక దేశం స్మారకం కట్టిన గాయాన్ని మరొక దేశపు నవల శిక్షగా మార్చింది. వాటర్లూ విజయంలో డచ్, బెల్జియన్ సైనికుల పాత్రను పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ చరిత్రకారులు తక్కువచేశారన్న వాదం చరిత్ర రంగంలో చాలాకాలంగా ఉన్నదే. స్పానిష్ సైన్యం చిత్రణ గురించీ ఇదే ప్రశ్న వేయవచ్చు. తలవేరాలో కొన్ని స్పానిష్ పటాలాలు పారిపోయిన మాట నిజమే గాని, దానినే స్పెయిన్ ముఖంగా చూపడం బ్రిటిష్ సైనికుల జ్ఞాపకాల నుంచి వారసత్వంగా వచ్చిన చూపు. వివరణ ఘటనలను సరిదిద్దగలదు. చూపును సరిదిద్దడం దానివల్ల కాదు.

అస్సయే: వివరణకు అందనివారు

ఈ ప్రశ్న తెలుగు పాఠకునికి దగ్గరగా వచ్చే చోటు ‘షార్ప్స్ ట్రయంఫ్’. అస్సయే నేటి మహారాష్ట్రలో జాల్నా జిల్లా గ్రామం. తరువాతి కాలంలో హైదరాబాదు సంస్థానంలోని ఔరంగాబాదు జిల్లా భోకర్దన్ తాలూకాలో ఉండేది. 1803 సెప్టెంబరు 23న కైత్నా, జువా నదుల నడుమ వెల్లెస్లీ సింధియా, భోంస్లేల సేనలను ఎదుర్కొన్నాడు. రెండు గుర్రాలను కోల్పోయాడు. తొలి నవల నుంచీ ప్రస్తావనగా మాత్రమే ఉన్న ప్రాణరక్షణ ఘట్టాన్ని కార్న్‌వెల్ 1998లో ఇక్కడ పూర్తిగా రాశాడు. పదిహేడేళ్లు ఎదురుచూసిన పాఠకునికి ఆ ఘట్టం నిరాశ కలిగించదు. నది దాటడం, ఫిరంగుల వరుసమీదికి నడక, నవలామాల మొత్తంలో ఉత్తమమైన యుద్ధవర్ణనల్లో ఇవి చేరుతాయి.

అయితే ఆ రోజు వెల్లెస్లీ పదాతిదళంలో బ్రిటిష్ రెజిమెంట్లు రెండే, 74వది, 78వది. మద్రాసు దేశీయ పదాతి పటాలాలు అయిదు. 19వ డ్రాగూన్‌ల పక్కన దాడిచేసిన అశ్వదళంలో మూడు మద్రాసు దేశీయ రెజిమెంట్లే. చనిపోయినవారు 428, గాయపడినవారు 1,138. ఈ లెక్కలో దేశీయుల వాటా చిన్నది కాదు.

మద్రాసు సైన్యంలో తెలుగు, తమిళ, దక్కనీ ముస్లిం సిపాయిలు కలిసి పనిచేశారు. ఉత్తర సర్కారులు కంపెనీ అధీనమైన తరువాత అక్కడే పటాలాలు లేచాయి. అంతకు ముందే, 1756, 57లలో క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన మద్రాసు సిపాయిల వల్ల ఉత్తర దేశంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడింది. 1857లో ఢిల్లీలో తిరుగుబాటు సిపాయిలను కూడా, వారిలో తెలుగువారు లేకపోయినా, తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరై ఉపఖండమంతా తిరిగింది. ఆ పేరు మోసినవారు మాత్రం తమ కథ రాసుకోలేదు.

నవలలో మద్రాసు సిపాయిలు లేకపోలేదు. కథ మొదలవడమే కంపెనీ సిపాయిల ఊచకోతతో. చాసల్‌గావ్ ఠాణాలో దండునంతా డాడ్ అనే ద్రోహి చంపిస్తాడు, శవాల నడుమ పడి ఉన్న షార్ప్ ఒక్కడు బతుకుతాడు. అక్కడినుంచి కథను నడిపేది ఆ ద్రోహిని వేటాడడం. సిపాయిల చావు కథకు ఇంధనమైంది, సిపాయి బతుకు కథలోకి రాలేదు. యుద్ధఘట్టంలో వారి పటాలాలు నడుస్తాయి, పోరాడుతాయి, పడిపోతాయి. కాని పాఠకుని కన్ను షార్ప్ భుజంమీద నుంచి, స్కాట్‌లాండు సిపాయిల వరుసలమీదుగా చూస్తుంది. ఉద్యోగం కోసం ఎవడు చేరాడు, ఇంటికి డబ్బు ఎలా పంపాడు, ఏ భాషలో భయపడ్డాడు అన్నవి బ్రిటిష్ సిపాయి విషయంలో మాత్రమే తెలుస్తాయి.

దీన్ని రచయిత దురభిమానంగా కొట్టివేయడం న్యాయం కాదు. సయ్యద్ సేవాజీ వంటి భారతీయ పాత్రలకు ఆయన తెలివిని, స్వాభిమానాన్ని ఇచ్చాడు. కంపెనీ దోపిడీని దాచలేదు. అసలు లోటు ఆధారాలలో ఉంది. స్పెయిన్ యుద్ధాన్ని గురించి సామాన్య రైఫిల్ సిపాయి బెంజమిన్ హారిస్ చెప్పుకున్న జ్ఞాపకాలు 1848లో అచ్చయ్యాయి. అటువంటివి పలువురు రాశారు. షార్ప్ నోట పలికే సిపాయి భాషకు, చలికి, ఆకలికి, చెప్పులు తెగిన పాదాలకు ఆ పుస్తకాలే పుట్టిల్లు. భారతీయ సిపాయి ఆత్మకథగా ప్రసిద్ధమైన సీతారాం పుస్తకం బెంగాల్ సైన్యానిది. దాని ప్రామాణ్యం మీదనే వివాదం ఉంది. అస్సయేలో పోరాడిన మద్రాసు జమేదారుని గొంతు వినాలంటే నవలాకారుడు సైనిక దస్త్రాల్లో జీతాలు, పింఛన్లు, శిక్షల పంక్తుల నడుమ వెతకాలి. ఏడాదికొక నవల రాసే రచయితకు అది సాధ్యమయ్యే పని కాకపోవచ్చు.

అయినా చివరి వివరణ విషయంలో ఒక తేడా గమనార్హం. మాస్టర్‌సన్ నుంచి తీసుకున్నది ఒప్పుకోలు కోరింది. ఎందుకంటే మాస్టర్‌సన్ పేరు తెలుసు, అతని రెజిమెంటు గౌరవాన్ని తలచుకునే పాఠకులు ఉన్నారు. పేరు నమోదు కాని సిపాయి నుంచి తీసుకున్నదానికి ఒప్పుకోలు అవసరమనే తోచదు. ప్రశ్నించే పాఠకుడు ఉన్నచోటనే రచయిత జవాబుదారీ అవుతాడు. షార్ప్ నవలలను మెచ్చినవారు, తప్పులు పట్టినవారు తుపాకి గుర్రాన్ని, యూనిఫారం రంగును, తేదీని పరిశీలించినంత శ్రద్ధగా అస్సయేలోని అయిదు మద్రాసు పటాలాల మాట అడిగి ఉంటే, ఆ నవల చివరి పుటలు మరోలా ఉండేవని ఊహించడానికి నవలామాల చరిత్రే ఆధారం. జుట్టు రంగు మారింది, బాల్యం యార్క్‌షైర్‌కు కదిలింది, పట్టిన డేగకు పాతికేళ్ల తరువాత పరిహారం దొరికింది. పాఠకులు పట్టుబట్టిన చోటల్లా ఈ నవలామాల కదిలింది.

2006లో వచ్చిన ‘షార్ప్స్ చాలెంజ్’ చిత్రం భారతదేశ నవలల సరుకును కలిపి, కాలాన్ని 1817కు జరిపి, భారతదేశంలోనే తీసినది. అందులో అస్సయే లేదు. ఆ యుద్ధంలో పాల్గొన్న పటాలాలకు కంపెనీ ప్రసాదించిన ఏనుగు గుర్తు మాత్రం నేటి భారత సైన్యంలో మద్రాస్ రెజిమెంట్ చిహ్నంపై ఉంది. తెలుగు జిల్లాల నుంచి ఆ రెజిమెంట్‌లో చేరే యువకులు ఈనాటికీ దానిని ధరిస్తున్నారు.